గ్లాస్గో నీళ్ళకు అంత ఉప్పు ఎందుకు చిన్నీ

చిన్నీ,

నిన్న వీడియో కాల్‌లో నువ్వు చూపించిన గ్లాసులు రాత్రంతా నా కళ్ళ ముందే ఉన్నాయి. పొగ పట్టినట్టు తెల్లగా. "డిష్‌వాషర్‌లో ఉప్పు నిండా పోస్తున్నాను, ఒక డిటర్జెంట్ ట్యాబ్లెట్ చాలట్లేదేమోనని రెండు వేస్తున్నాను, అయినా ఇలాగే వస్తున్నాయి అత్తయ్యా" అన్నావు. ముందు ఆ రెండో ట్యాబ్లెట్ ఈ రోజే మానెయ్యి. మిగతాది నిదానంగా చదువు.

మొన్నటిదాకా మీరున్నది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. ఆ వైపు నీళ్ళు సుద్దరాతి పొరల్లోంచి ఊరి వస్తాయి, అందుకే కెటిల్‌లో నెల తిరక్కుండానే గార కడుతుంది. అక్కడ ఉప్పు పోయకపోతే గిన్నెలు తెల్లబడతాయి. ఆ అలవాటే నువ్వు స్కాట్లండ్‌కి, గ్లాస్గోకి తీసుకెళ్ళావు. నేనూ సరిగ్గా అదే చేశాను తల్లీ. లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఆరేళ్ళు ఉండి గ్లాస్గో వెళ్ళిన కొత్తలో మెషిన్ అమ్మినతను "ఉప్పు ఎప్పుడూ నిండుగా ఉంచండి" అన్నాడు, ఉంచాను. గ్లాసులు మసకబారుతుంటే ఇంకాస్త డిటర్జెంట్ వేశాను, ఇంకాస్త వేడి ప్రోగ్రామ్ పెట్టాను. మీ నాయనమ్మ నా పెళ్ళికి ఇచ్చిన ఆరు గాజు గ్లాసులు, అంచున బంగారు గీత ఉండేవి, ఆ ఏడాదిలోనే పాడయ్యాయి. గీత చెరిగిపోయింది, గాజు పాలు కలిపిన నీళ్ళలా అయిపోయింది. ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నీ గ్లాసులు కూడా అలా కాకూడదనే ఈ ఉత్తరం.

గ్లాస్గోకి నీళ్ళు కాట్రిన్ సరస్సు నుంచి వస్తాయి. 1859లో విక్టోరియా రాణి ప్రారంభించిన ఏర్పాటు అది. కొండల మీద పడ్డ వాన గట్టి రాళ్ళ మీదుగా జారి సరస్సులో చేరుతుంది. దారిలో సున్నపురాయి దాదాపు తగలదు కాబట్టి నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం చాలా తక్కువ. బడిలో మృదు జలం అని చదువుకున్నాం చూడు, సాఫ్ట్ వాటర్ అంటే అదే. నీకు ఇంకో గుర్తు చెబుతాను: అక్కడ కందిపప్పు ఎంత త్వరగా మెత్తబడుతోందో గమనించావా? ఇక్కడ కూకట్‌పల్లిలో బోరు నీళ్ళు పోస్తే రెండు విజిల్స్ ఎక్కువ పెట్టినా గింజ గింజగానే ఉంటుంది.

ఇప్పుడు ఉప్పు సంగతి. ఆ ఉప్పు గిన్నెలు తోమదు. మెషిన్ అడుగున ఒక డబ్బాలో సన్నటి పూసలు ఉంటాయి. లోపలికి వచ్చే నీళ్ళు వాటి మీదుగా వెళ్తుంటే నీళ్ళలోని కాల్షియం పూసలకు అంటుకుని, వాటి దగ్గరున్న సోడియం నీళ్ళలోకి వస్తుంది. పూసలు నిండిపోయాక మెషిన్ చిక్కటి ఉప్పునీళ్ళతో వాటిని కడిగి, ఆ నీళ్ళను బయటికి పంపేస్తుంది. ఉప్పు పని అంతే. మనవాళ్ళు గార కట్టే నీళ్ళనే ఉప్పునీళ్ళు అంటారు కాబట్టి, మళ్ళీ ఉప్పు పోయడమేమిటని నాకూ మొదట్లో వింతగా ఉండేది. అయితే గ్లాస్గోలో ఆ పూసలకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అక్కడ ఉప్పు పోస్తే వృథా అవుతుందే తప్ప గిన్నెలకు మేలు జరగదు.

కాబట్టి ఇలా చెయ్యి. అక్కడి నీళ్ళ సంస్థ స్కాటిష్ వాటర్ వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టి, మీ నీళ్ళ హార్డ్‌నెస్, అంటే గార కట్టే గుణం, ఎంతో చూడు. అంకెతో పాటు యూనిట్ కూడా చూసుకో, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక జర్మన్ డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్, ఒక క్లార్క్ డిగ్రీ అంటే 14.3. తర్వాత మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో పట్టిక తీసి హార్డ్‌నెస్ సెట్టింగ్‌ని అన్నిటికన్నా కిందికి మార్చు. మీరు రెడింగ్ నుంచి తెచ్చుకున్న మెషిన్ కదా, అది ఇంకా అక్కడి సెట్టింగ్‌లోనే ఉండి ఉంటుంది. కింది సెట్టింగ్‌లో ఉప్పు అక్కర్లేదని చాలా కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది, ఉప్పు లైటు కూడా ఆరిపోతుంది. ఆరకపోయినా టెన్షన్ పడకు. ఉప్పు గదిలో ఇప్పటికే ఉన్నది అలాగే ఉండనీ, మూత మాత్రం గట్టిగా బిగించు. మూత వదులైతే ఉప్పునీళ్ళు గిన్నెల మీదికి వచ్చి తెల్లటి పొడి కడుతుంది. అది తుడిస్తే పోతుంది, నాలుకకు ఉప్పగా తగులుతుంది. ముందు అది కాదని తేల్చుకో.

ఆ తర్వాత వెనిగర్ పరీక్ష. ఒక గ్లాసుకి వెనిగర్ రాసి అయిదు నిమిషాలు ఆగి కడుగు. మసక పోయిందంటే అది గార. పోలేదంటే గాజే అరిగింది, దాన్ని ఇక బాగు చేయలేం. గ్లాసుని కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి చూడు, నూనె చుక్కలో కనిపించే రంగుల్లాంటివి కనిపిస్తే అరగడం మొదలైనట్టే. అవి ఇప్పుడిప్పుడే వస్తుంటే మిగతా గ్లాసులనైనా దక్కించుకోవచ్చు.

ఎందుకు అరుగుతుందంటే, డిటర్జెంట్‌లో కాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థాలు కొన్ని ఉంటాయి. హార్డ్ వాటర్‌లో వాటికి చేతినిండా పని. సాఫ్ట్ వాటర్‌లో పట్టుకోవడానికి కాల్షియం ఉండదు, ఆ ఘాటు, వేడి కలిసి గాజు మీదే పడతాయి. ఆల్ ఇన్ వన్ ట్యాబ్లెట్లలో ఉప్పు పని చేసే పదార్థం, రిన్స్ ఎయిడ్ (గిన్నెలు చుక్కల్లేకుండా ఆరడానికి వేసేది) కూడా కలిపే ఉంటాయి. పైగా వాటిని సగం చేసి వేయలేం. అందుకే నేను మామూలు పౌడర్‌కి మారాను. రోజువారీ పప్పు, చారు గిన్నెలకు రెండు టీస్పూన్లు, నెయ్యి, ముక్కల కూర ఉన్న రోజు మూడు. పాకెట్ మీద సాఫ్ట్ వాటర్‌కి రాసిన కొలత ఏమైనా ఉంటే దాన్నే పాటించు. అలాగని మరీ తగ్గించకు, నూనె మళ్ళీ గిన్నెలకే అంటుకుంటుంది. పళ్ళెం మీద వేలు పెట్టి రాస్తే కిర్రుమనాలి. జారుతోందంటే ఇంకో అర స్పూను వెయ్యి. పౌడర్‌ని మాత్రం పొరపాటున కూడా ఉప్పు గదిలో పోయకు, ఆ పూసల డబ్బా పనికిరాకుండా పోతుంది.

రిన్స్ ఎయిడ్ తగ్గించి పెట్టుకో. గ్లాసుల మీద నీలంగా చారలు వస్తే ఎక్కువైందని, చుక్కలు చుక్కలుగా ఆరితే తక్కువైందని. గాజు సామాను ఉన్న రోజు తక్కువ వేడి ప్రోగ్రామ్ పెట్టు, అయిపోగానే తలుపు కాస్త తీసి ఆవిరి పోనివ్వు. మంచి గ్లాసులు చేత్తోనే కడుక్కో, నేను ఇప్పుడు అదే చేస్తున్నాను. అల్యూమినియం కుక్కరు, ఇనప పెనం, ఇత్తడి, రాగి సామాను అసలు పెట్టకు. గిన్నెలు పెట్టేముందు కరివేపాకు, పోపు గింజలు గీకి పారెయ్యి. మెషిన్ లోపల తిరుగుతూ నీళ్ళు చిమ్మే రెక్క కన్నాల్లో ఆవగింజ సరిగ్గా ఇరుక్కుంటుంది. పై అరలో గిన్నెలు మురికిగా వస్తే నేను మొదట చూసేది అదే, పిన్నీసుతో పొడిచి తీస్తే సరిపోయేది.

మెషిన్‌కి సంబంధం లేని మాట ఒకటి. మీది పాత టెనెమెంట్ ఇల్లు కదా, ఒకే భవనంలో చాలా కుటుంబాలుండే రకం. 1970కి ముందు కట్టిన ఇళ్ళలో సీసం గొట్టాలు ఉండొచ్చు, సాఫ్ట్ వాటర్‌లో సీసం తేలిగ్గా కరుగుతుంది. పాపకు పాలు కలిపే నీళ్ళ కోసం పొద్దున్నే పట్టిన మొదటి నీళ్ళు వాడకు. కొళాయి కాసేపు వదిలాకే పట్టు. వీలైనంత త్వరగా నీళ్ళ సంస్థకు ఫోన్ చేసి పరీక్ష చేయించు. గ్లాసులు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, ఇది మాత్రం వాయిదా వేయకు.

ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. వెనిగర్ రాసిన గ్లాసు, రాయని గ్లాసు పక్కపక్కన కిటికీలో పెట్టి ఫోన్ చెయ్యి. రెండూ చూసి చెబుతాను.

ప్రేమతో,
మీ అత్తయ్య