ఏప్రిల్లో బ్యాంకాక్‌కా, పిల్లల్నేసుకుని!

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పిల్లలిద్దర్నీ వేసుకుని బ్యాంకాక్ వెళ్తున్నారటగా. అల్లుడు ఆఫీసు పనిలో ఉంటే పగలంతా నువ్వొక్కదానివే ఊరు తిప్పుతావట. కోఠీలో రోడ్డు దాటాలంటే నా కొంగు వదలని పిల్లవి! వినగానే మురిసిపోయాను, తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. పన్నెండు నెలల్లో ఏప్రిలే దొరికిందా తల్లీ? అక్కడ అన్నిటికన్నా ఎండ ముదిరేది ఆ నెలే. మన రామగుండం ఎండలాగా పొడి ఎండ కాదది. గాలి నిండా తేమ, చెమట ఆరి చావదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

పాస్‌పోర్టులు, మందులు, పల్చటి నూలు బట్టలు, టోపీలు నీకు నేను చెప్పక్కర్లేదు. స్ట్రోలర్ మాల్స్ వరకే పనికొస్తుంది. బయట ఫుట్‌పాత్ మీద సగం తిండి బళ్లు, మిగతా సగం లేచిపోయిన పలకలు. ఇక చంటాడిని గుండెకి కట్టుకునే ఆ సంచీ ఉంది చూడు, ఎండలో దాని జోలికి పోకు. నీ వేడి, వాడి వేడి ఒకచోట చేరతాయి.

ఇప్పుడు నేను చెప్పేది మాత్రం కూర్చుని చదువు.

మేం అక్కడున్న కొత్తలో, మన మెట్రోలాంటి స్కైట్రైన్ ఇంకా రాలేదు, అది 1999 డిసెంబరులో కదా మొదలైంది, మీ పెదనాన్న ఒక ఆదివారం లోపలే గుడి ఉన్న రాజుల కోట, గ్రాండ్ ప్యాలెస్‌కి బయల్దేరదీశారు. టిఫిన్లూ కబుర్లూ అయ్యి గడప దాటేసరికే పదిన్నర. ప్యాలెస్ గోడ పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు ఎదురొచ్చాడు. "ఇవాళ పూజ ఉంది, రెండింటి దాకా తెరవరు, ఈలోపు టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూసి రండి" అన్నాడు. ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషి మీ పెదనాన్న. ఆ ఆటో కిరాయి కారుచౌక అనేసరికి ఇంకేముంది, ఎక్కేశారు. బండివాడు ఒక గుడి చూపించాడు, తర్వాత రాళ్ల నగల దుకాణం, తర్వాత సూట్లు కుట్టే దుకాణం. దుకాణంలో ఏసీ, బయటికొస్తే టుక్‌టుక్ రేకు కింద పొగ, సెగ. మా చిన్నాడికి అప్పటికి రెండేళ్లు నిండలేదు. మొదట్లో తెగ ఏడ్చాడు. కాసేపటికి ఏడుపు ఆపి నా భుజం మీద వాలిపోయాడు. "హమ్మయ్య, పడుకున్నాడు" అన్నారాయన.

పూలదండలు గుచ్చుకునే ఒక ముసలావిడ దగ్గర బండి ఆగింది. వాడి మొహం చూసి ఆవిడ దండ పక్కన పడేసి లేచింది. భాష రాదు. వాడి పెదాలు చూపించింది. ఎండిపోయి తెల్లగా పొక్కులు తేలి ఉన్నాయి. డైపర్ తడిమి చూశాను. పొద్దున వేసినప్పుడు ఎలా ఉందో అలాగే, దూదిలా తేలిగ్గా ఉంది. మొహాన నీళ్లు చల్లితే మూలిగాడు, కళ్లమ్మట చుక్క రాలేదు. ఆవిడే మమ్మల్ని సందులో ఉన్న క్లినిక్‌కి నడిపించింది. సెలైన్ ఎక్కాక సాయంత్రానికి వాడు ఒంటికి పోశాడు. పాతికేళ్లు దాటిపోయాయి, పిల్లాడు ఒంటికి పోశాడని మీ పెదనాన్న ఏడవడం నా కళ్లముందే ఉంది. ఆ రోజు ప్యాలెస్ మూసెయ్యనే లేదని తర్వాత తెలిసింది.

అందుకే చెబుతున్నా, పిల్లలు ఏడుస్తుంటే కంగారుపడకు. ఎండలో తిరిగాక నోరు మెదపకుండా మత్తుగా ఉంటే అప్పుడు కంగారుపడు. ఆరు గంటలుగా ఒంటికి పోయలేదంటే ఊరు చూడ్డం ఆపి డాక్టర్ని చూడు. అంబులెన్సుకి 1669, టూరిస్ట్ పోలీసులకి 1155.

లీటరు నీళ్లకి ఒకటి కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడ్నుంచే తీసుకెళ్లు. చేతిలో అరలీటరు సీసా ఉంటే సగమే వెయ్యి. మొత్తం కుమ్మరిస్తే ఉప్పు ఎక్కువై అసలుకే మోసం. ప్యాకెట్లు అయిపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా గీసి వెయ్యి. కుళాయి నీళ్లు తాగించకు.

ప్యాలెస్ ఎనిమిదిన్నరకి తెరుస్తారు, ఆ టైముకే గేటు దగ్గరుండు. మూసేశారని దారిలో ఎవడు చెప్పినా ఆగకుండా నడిచి గేటు దాకా వెళ్లి చూసుకో. నీకూ భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. పదకొండుకల్లా గదికి వచ్చెయ్యి. మళ్లీ నాలుగు దాటాకే బయటికి. మధ్యలో కాలు నిలవకపోతే సియాం పారగాన్ మాల్‌లో చేపల అక్వేరియం ఉంది. లోపలికి వెళ్లేముందు పిల్లల చెమట తుడిచి, పొడి చొక్కాలు వెయ్యి. సాయంత్రం చావోప్రాయా నదిలో పడవెక్కించు, లేదా లుంపినీ పార్కుకి తీసుకెళ్లు. మొసలి పిల్లలేమో అనిపించే ఉడుములు గడ్డి మీద తిరుగుతుంటాయి, పెద్దది కేరింతలు కొడుతుంది. ఆరింటికి వాళ్ల జాతీయగీతం వినిపిస్తుంది, అందరితోపాటు మీరూ కదలకుండా నిలబడండి.

తిండి సంగతి. "మై ఫెట్" అంటే కారం వద్దని. జోక్ అనే బియ్యం జావ మెత్తగా బాగుంటుంది గానీ పంది కీమా ఉండలు వేస్తారు, ముందే వద్దని చెప్పు. షాపుల్లో దొరికే పెరుగు ఎక్కువగా తియ్యటిదే, పెరుగన్నం కలిపేముందు రుచి చూడు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంక్రాన్, వాళ్ల కొత్త సంవత్సరం పండగ, వీధుల్లో ఒకళ్లమీద ఒకళ్లు నీళ్లు కుమ్మరించుకుంటారు. చంటాడితో ఆ గుంపుల్లోకి వెళ్లావో, నేను ఊరుకోను.

హోటల్ పేరు థాయ్ అక్షరాల్లో ఉన్న కార్డు అడిగి తీసుకుని పెద్దదాని జేబులో పెట్టు, వెనక నీ ఫోన్ నంబరు రాయి. నాకు రోజూ రాత్రి ఒక ఫోటో పంపు, పిల్లల మొహాలు కనపడాలి, గుళ్లూ గోపురాలూ నాకొద్దు. ఇదంతా చదివి "పెద్దమ్మ బెదరగొడుతోంది" అని మీ అమ్మకి చెప్పకు. అసలే తను నాకన్నా పిరికిది, టికెట్లు కాన్సిల్ చేయించి నన్ను తిడుతుంది.

నీ పెద్దమ్మ