చిన్నీ, పెన్సిల్ మర్చిపోవద్దు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, అక్కా ఇది సముద్రపు పాముల మీద పీహెచ్‌డీ చేస్తాదంట, నువ్వన్నా చెప్పు అని ఒకటే గోల. నేనేం చెప్పేది, ఆ పిచ్చి నీకెక్కించింది నేనే కదా. సంతోషంతో కాఫీ పెట్టుకొని తాగినా, తర్వాత నిద్ర మాత్రం పట్టలా.

వలలో చచ్చి పడున్నా సరే తల దగ్గర చెయ్యి పెట్టొద్దు, చచ్చినాక కూడా కొంచేపు కరిచేస్తాయి. కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలీదు, గంటలు పోయినాక ఒళ్ళంతా నొప్పులు, ఉచ్చ కాఫీ రంగులో వస్తాది. నాగుపాము వంశమే ఇవీ, అయినా మన ఆస్పత్రుల్లో ఉండే విరుగుడు సూది నాలుగు రకాల నేలపాముల కోసం చేసింది, వీటికోసం కాదు. గ్లవ్స్ లేకుండా పట్టుకున్నావని తెలిస్తే నేనే వచ్చి కొడతా.

అటవీశాఖ పర్మిషన్ ముందే తీసుకో. డీఎన్‌ఏ కోసం ముక్క దాచేదానికి ఫార్మలిన్, అదే శవాలు చెడకుండా వాడే మందు, అది వద్దు, లివర్ ముక్క ఆల్కహాల్లో వెయ్యి. పాములకి ఎర్రకణాల్లో కూడా న్యూక్లియస్ ఉంటాది కాబట్టి రక్తం తీస్తే నీకు కావాల్సిన మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్‌ఏ కాకుండా, అక్కర్లేని న్యూక్లియస్ డీఎన్‌ఏనే ఎక్కువొస్తాది. ఇంకోటి, చాలావరకు పాముల మైటోకాండ్రియా డీఎన్‌ఏలో కంట్రోల్ రీజియన్ అనే భాగం రెండు చోట్ల ఉంటాది, రెండూ అచ్చం కవలపిల్లలు, డీఎన్‌ఏని చిన్న చిన్న ముక్కలుగా చదివి (చిన్న రీడ్స్) అతికిస్తే కంప్యూటర్ రెండింటినీ ఒకటి చేసి పారేస్తాది, పొడుగు ముక్కలుగా చదివే లాంగ్ రీడ్స్‌కి డబ్బులడుగు.

ఇప్పుడు నా ఘనకార్యం. మీ అమ్మకి కూడా చెప్పలా.

2008లో కృష్ణపట్నం వలల్లోంచి ఏడు పాములు తెచ్చినా. ముక్కలు చిన్న సీసాల్లో స్పిరిట్ పోసి వేసి పేర్లు బయట మార్కర్‌తో రాసినా. నెల్లూరు నుంచి తిరుపతి బస్సులో ఒక మూత లీకయి స్పిరిట్ అంతా కారింది, బస్టాండులో దిగి సంచీ తెరిస్తే పేర్లు చెరిగిపోయి సీసాలన్నీ బోడిగుండ్లు. ఇది దాని ముక్కే అయ్యుంటాదిలే అని గుర్తున్న కాడికి మళ్ళీ రాసినా. పోనీ పాములన్నా దాచినానా అంటే అదీ లేదు, వాసనొస్తాందని ఇంటి ఓనరమ్మ అరిస్తే పారేసినా.

ఆ ముక్కల డీఎన్‌ఏ సీక్వెన్స్ వచ్చింది. మన కొక్కెం ముక్కు పాముది ఆస్ట్రేలియా కొక్కెం ముక్కు పాము పక్కన పెడితే కలవలా, రెండింటికీ పేరొకటే అప్పట్లో, డీఎన్‌ఏతో గీసిన వంశవృక్షంలో ఎక్కడో దూరంగా పోయి కూర్చునింది. సీసాలు తారుమారయినాయి అనుకొని డేటా మొత్తం మూలన పడేసినా. నాలుగైదేళ్ళకి వేరేవాళ్ళు పేపర్ వేసినారు, ఆ రెండూ అసలు ఒకే జాతి కాదు, చూసేదానికి ఒకేలా తయారయినాయంతే అని. ఆ రోజు కపిలతీర్థం మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నా. నాది తప్పో ఒప్పో ఈరోజుకీ తెలీదే చిన్నీ, తేల్చేదానికి నా దగ్గర పామూ లేదు, పేరూ లేదు.

అందుకే పేరు కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి, స్పిరిట్ దాన్ని చెరపలేదు. పాము మొత్తం మ్యూజియంలో పెట్టు.

ఒక డజను పెన్సిళ్ళు కొనిపెట్టినా, ఆదివారం వచ్చి తీసుకోనిపో, ఆ కొత్త గ్లవ్స్ కూడా తెచ్చి చూపించు.

మీ పెద్దమ్మ