కదిరి పరిశోధన కేంద్రానికి పోయేది విత్తనాల కోసమేనా?

కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం వల్ల మెట్ట రైతుకు కొత్త రకం విత్తనం తప్ప ఇంకేమన్నా ఉపయోగముందా అని కదన్నా అడిగినారు. ఉంది. నన్నడిగితే విత్తనం కన్నా అదే పెద్దది: చేనుకొచ్చిన రోగమేదో తేల్చి చెప్పడం.

మాది రాప్తాడు పక్క. 2000 ఖరీఫ్‌లో శెనక్కాయ చేలల్లో మొవ్వులు నల్లబడి, కాండాలు మాడిపోయి, మొక్కకు మొక్క చచ్చింది. అనంతపురం జిల్లాలో 2.25 లక్షల హెక్టార్ల దాకా దెబ్బతింది, నష్టం 300 కోట్లు దాటిందని లెక్క కట్టినారు. ఊళ్లో ఒకరు వాన తేడా అనె, ఒకరు విత్తనంలోనే లోపమనె. మందుల అంగడాయప్ప బూజు తెగులు మందు అంటగట్టినాడు. మా నాయన కొట్టినాడు గూడా. వైరస్‌కు బూజు మందు ఏం జేస్తుంది?

అది వైరస్ అని, పేరు టొబాకో స్ట్రీక్ అని తేల్చింది ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు. దాని కాపురం శెనక్కాయలో కాదు, గట్ల మీది వయ్యారిభామలో, అదే మన కాంగ్రెస్ గడ్డిలో. ఆ గడ్డికి వైరస్ సోకినా పైకి ఏమీ కనపడదు, పచ్చగా పూస్తానే ఉంటుంది. పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి గాలికొచ్చి ఆకు మీద పడుతుంది, తామర పురుగుల ఒంటికి అంటుకొని గూడా వస్తుంది. పురుగు ఆకును గీకితే ఆ గాయంలో నుంచి వైరస్ లోపలికి పోతుంది. ఈ దారి తెలిసినాకనే మందు తెలిసింది: గడ్డిని పూతకు రాకముందే పీకెయ్యాల, చేను చుట్టూ జొన్నో సజ్జో దట్టంగా సాళ్లు పెట్టాల, విత్తేముందు విత్తనానికి పురుగు మందు పట్టించాల. చచ్చే శెనక్కాయ మొక్కల్ని పీకితే ఒరిగేది లేదు, రోగం అక్కడినుంచి పాకేది కాదు గదా. ఈ సంగతి ఏ అంగట్లో చెప్తారు? ఇట్లా రోగమేదో తేల్చుకోడానికే కదిరి లాంటి కేంద్రానికి పోవాల.

విత్తనం మాటకొస్తే, కదిరి-6, కదిరి లేపాక్షి అనే శెనక్కాయ రకాలు కదిరి కేంద్రంలో పుట్టినవే. శెనక్కాయ తన పుప్పొడితోనే కాయ కట్టే పంట కాబట్టి మంచి విత్తనం కొంచెం తెచ్చుకున్నా మీ చేలోనే పెంచుకోవచ్చు, ఏటేటా కొనే పనిలేదు.

అనంతపురం దగ్గరోళ్లకు రేకులకుంట పరిశోధన కేంద్రం, రెడ్డిపల్లి కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) గూడా ఉన్నాయి, కదిరి దాకా పోనక్కర్లేదు. యాడికి పోయినా ఫోన్లో ఫొటోతో సరిపెట్టొద్దండి. బాగున్న మొక్క, అప్పుడే రోగం మొదలైంది, బాగా ముదిరింది, మూడు రకాలూ వేరుతో సహా పీకి పేపర్లో చుట్టుకొని పోండి. ఏ రకం, ఎప్పుడు విత్తినారు, పోయినేడు ఆ చేలో ఏముండె, ఇప్పటిదాకా ఏ మందులు కొట్టినారు, చీటీ మీద రాసుకోండి. మందు డబ్బాలుంటే అవి గూడా ఎత్తకపోండి.