రీసెట్ హార్డ్ కొట్టినా పోని ఫైళ్ళు

గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) అన్నీ చివరి కమిట్‌కి, అంటే చివరగా సేవ్ చేసిన స్థితికి, తెచ్చే రీసెట్ హార్డ్ కొట్టాక కూడా గిట్ స్టేటస్‌లో కొన్ని ఫైళ్ళు ఎర్రగా అలాగే కనిపిస్తున్నాయన్నారు కదా, అది మామూలేనండి, రీసెట్ అనేది గిట్ ట్రాక్ చేస్తున్న ఫైళ్ళనే వెనక్కి తెస్తుంది, మీరు ఎప్పుడూ గిట్ యాడ్‌తో చేర్చని కొత్త ఫైళ్ళ జోలికి మామూలుగా వెళ్ళదు. వాటిని డిలీట్ చెయ్యడానికి గిట్ క్లీన్ వాడాలి.

కానీ డైరెక్ట్‌గా కొట్టేయకండి ప్లీజ్. ముందు ప్రాజెక్ట్ రూట్ ఫోల్డర్‌లోకి వెళ్ళి (సబ్‌ఫోల్డర్‌లో ఉంటే అక్కణ్ణుంచి కిందవే చూస్తుంది) గిట్ క్లీన్ మైనస్ డీఎన్ (git clean -dn) కొట్టండి, ఏదీ డిలీట్ చెయ్యదు, ఏవేవి తీసేస్తుందో లిస్ట్ మాత్రం ఇస్తుంది, ఒక్కో లైనూ చదవండి. ఓకే అనుకుంటే ఎన్ బదులు ఎఫ్, అంటే మైనస్ డీఎఫ్. డీ ఫోల్డర్ల కోసం, ఎఫ్ లేకపోతే డీఫాల్ట్‌గా గిట్ ఒప్పుకోదు.

చిన్న ఎక్స్ (-x) ఆప్షన్‌తో మాత్రం జాగ్రత్త. అది ఇగ్నోర్ లిస్ట్‌లో (గిట్ పట్టించుకోవద్దని మనం రాసిపెట్టే లిస్ట్) ఉన్నవాటిని కూడా ఊడ్చేస్తుంది, నేను ఒకసారి బిల్డ్ ఫోల్డర్ పోతే చాలని ఎక్స్ కలిపి కొట్టాను, పాస్‌వర్డ్లున్న డాట్ ఎన్వ్ ఫైల్ కూడా పోయింది, ఎప్పుడూ కమిట్ చెయ్యలేదు కాబట్టి రెఫ్‌లాగ్‌లో (గిట్ దాచే పాత కమిట్ల చిట్టా) వెతికినా దొరకదు, సాయంత్రమంతా మళ్ళీ రాసుకున్నాను. ఎక్స్ వాడక తప్పకపోతే మైనస్ ఈ (-e) పెట్టి ఆ ఫైల్ పేరు ఇవ్వండి, దాన్ని వదిలేస్తుంది.

ఏ ఫైల్ మీదైనా డౌట్ ఉంటే అసలు క్లీన్ వద్దు, గిట్ స్టాష్ మైనస్ యూ కొట్టండి, కొత్త ఫైళ్ళతో సహా పక్కన దాస్తుంది, కావాలంటే స్టాష్ పాప్‌తో తిరిగొస్తాయి.