ఇంట్లో చేస్తే పాస్తా పిండి చీలిపోతోందా?

ఫార్మ్‌లో పాస్తా చేయడం నేర్పే క్లాస్‌కెళ్ళినప్పుడు బాగానే వచ్చింది, ఇంట్లో అదే కొలతతో చేస్తే పిండి పొడిపొడిగా ఉండి ఒత్తేటప్పుడు అంచులు చీలిపోతున్నాయి అన్నారు కదండీ, నాకైతే అనుమానం గుడ్డు మీదే. 100 గ్రాముల మైదాకి ఒక గుడ్డు అనేది మామూలు లెక్క, కానీ అక్కడివి పెద్ద గుడ్లు అయ్యుండి మీవి చిన్నవైతే తడి చాలదు. అందుకే లెక్కపెట్టకుండా తూకం వేయండి, 100 గ్రాముల పిండికి పెంకు తీసిన గుడ్డు 55 గ్రాముల దాకా పడుతుంది, తగ్గితే ఇంకో గుడ్డు గిలక్కొట్టి చెంచా చెంచాగా కలపండి. నీళ్ళు గబుక్కున పోసేయకండి, నేనలాగే పోసి ముద్దంతా జిగురు చేసుకున్నా ఒకసారి. తర్వాత 10 నిమిషాలు అరచేత్తో గట్టిగా పిసికి, గాలి తగలకుండా మూతపెట్టి అరగంట వదిలేయాలి, క్లాసులో ముందే కలిపి ఉంచిన ముద్ద ఇచ్చుంటారు, అందుకే మీకీ స్టెప్పు గుర్తులేదేమో! ఉడకడానికి మాత్రం రెండు మూడు నిమిషాలు చాలు.