సీసా అరగంట ముందే బయట పెట్టు

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

శనివారం మీ ఆఫీసు పెద్దాయన, ఆయన భార్య భోజనానికి వస్తున్నారనీ, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైట్ వైన్ కొన్నావుగానీ అదెలా వడ్డించాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. యానాం నుంచి ఫ్రాన్స్ వచ్చి ఈ ఊరి హోటళ్లలో ముప్పై ఏళ్లు బల్లల దగ్గర నిలబడ్డవాణ్ణి. నాకు తెలిసిందేదో చెబుతాను.

నువ్వు ఫొటో పంపిన సీసా పెసాక్-లెయోన్యాన్‌ది. బోర్డోకి దక్షిణాన, గరోన్ నది ఎడమ ఒడ్డున ఉన్న గులకరాళ్ల నేల అది. గ్రావ్ ప్రాంతంలోంచి విడదీసి 1987లో దానికి ఈ పేరు ఖాయం చేశారు. నీ సీసాలో ముఖ్యంగా రెండు రకాల ద్రాక్షలు, సోవిన్యో బ్లాం, సెమియోన్. మన లెక్కలో చెప్పాలంటే సోవిన్యో పప్పుచారులో చింతపండు, సెమియోన్ పైన వేసే నెయ్యి. మొదటిది పులుపు, పంపరపనస వాసన ఇస్తుంది. రెండోది చిక్కదనాన్నీ, వయసు మీద పడ్డాక తేనె, మైనం వాసననీ ఇస్తుంది. ఓక్ చెక్క పీపాల్లో ఉంచడంవల్ల కాల్చిన రొట్టె వాసన కూడా తగులుతుంది.

అందరూ చేసే తప్పు ఒక్కటే, మరీ చల్లగా పోయడం. నేనూ చేశాను. ఓ రాత్రి ఐసు బకెట్లో గంటసేపు మునిగిన సీసా తీసుకెళ్లి పోశాను. ఒక పెద్దావిడ గుక్క వేసి, "నిమ్మకాయ నీళ్లు అడగలేదే" అంది. నా మొహం మాడిపోయింది. ఆవిడ ఆ గ్లాసునే రెండు అరచేతుల మధ్య పట్టుకుని, చేప వచ్చేదాకా కబుర్లాడింది. మళ్లీ తాగి, "ఇప్పుడు తెచ్చింది బావుంది" అంది. సీసా మార్చలేదని నేను చెప్పలేదు.

కాబట్టి ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసిపెట్టు. పది పన్నెండు డిగ్రీలుంటే చాలు. గ్లాసులో మూడో వంతుకి మించి పోయకు, వాసన తిరగడానికి చోటుండాలి. ముందు నువ్వే కొంచెం పోసుకుని వాసన చూడు. అది నీకు నచ్చిందా లేదా అని కాదు, చెడిందా అని. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ బిరడా వైన్‌ని చెడగొట్టినట్టే, మొహమాటపడకుండా పక్కన పెట్టెయ్. సీసా అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపిస్తే మాత్రం కంగారుపడకు. చింతపండుకి పులుపునిచ్చే ఆమ్లమే ద్రాక్షలోనూ ఉంది, చలికి అదే లవణంగా మారి గడ్డకడుతుంది. పాత సీసా బంగారు రంగుకి తిరిగినా అది రోగం కాదు.

ఇక తిండి. ఇక్కడివాళ్లు ఆర్కషోన్ తీరంలో దొరికే ఆయిస్టర్లతో, అంటే ఆల్చిప్పలతో, వైట్ వైన్ తాగుతారు. కానీ దానికి పీపా ముఖం చూడని ఆంత్ర్-దూ-మేర్ అనే బోర్డో వైట్ వైన్ చాలు, ఇంత ఖరీదైనది అక్కర్లేదు. నీ సీసాకి వెన్న సాస్‌తో చేప, పీత, లేదా ఓవెన్లో కాల్చిన కోడి బాగా కుదురుతాయి. మేక పాల చీజ్ కూడా సరే. మీ ఆవిడ రొయ్యల ఇగురు చేస్తానంటోందన్నావు. ఎండుమిర్చి మానేసి, మిరియాలూ వెన్నా వేసి చెయ్యమను. కారం తగిలితే నోట్లో ఆల్కహాల్ మంట పెరిగి, పీపా వాసన చేదెక్కుతుంది. గోంగూర ఆ రోజుకి వద్దు, నా మాట విను.

మిగిలితే కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టు, రెండు రోజులుంటుంది. వంటలో మాత్రం పోయకండి, దానికి నాలుగు యూరోల సీసా చాలు.

మీ మావయ్య