కెమిస్ట్రీ మాస్టారి జవాబులు

ప్రశ్న: ఎరువు బస్తా మీద ఎన్, పి, కె అని ఉంటుంది. పొటాష్‌కి 'కె' ఎందుకండీ?

జవాబు: 'పి' భాస్వరానిదండి. 1807లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ పొటాష్ నుంచి ఒక లోహాన్ని వేరుచేసి దాన్ని పొటాషియం అన్నాడు. జర్మన్లు కాలియం అన్నారు. అరబ్బులు మొక్కల బూడిదను 'అల్ ఖలీ' అనేవారు, దాన్నుంచి వచ్చిందే ఆ పేరు. గుర్తుగా 'కె' స్థిరపడింది. ఇంటర్ పిల్లలకు చెప్పడానికి నాకెంతో ఇష్టమైన పాఠమిది. 17-17-17 బస్తాలో చివరి అంకె ఈ 'కె'దే, కాకపోతే పొటాషియం ఆక్సైడ్ లెక్కలో చెప్పే శాతం.

పుట్టిన బిడ్డకు వేసే విటమిన్ కె వేరు. కొవ్వులేని మేత తిన్న కోడిపిల్లలకు రక్తస్రావం కావడం డెన్మార్క్‌లో శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ గమనించి ఈ విటమిన్‌ను కనుగొన్నాడు. రక్తం గడ్డకట్టడాన్ని చెప్పే జర్మన్ మాట 'కె'తో మొదలవుతుంది, అందుకే దీనికి ఆ పేరు. ఆ ఇంజెక్షన్ మాత్రం తప్పకుండా వేయించండి.